నోరు లేని మాక్‌బెత్: షేక్‌స్పియర్ నాటకం, కురొసావా ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’

నమస్కారం. ఇవాళ ఒక నాటకాన్నీ ఒక సినిమానీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నాటకం షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’. 1606 ప్రాంతంలో రాసినది, ఆయన విషాద నాటకాలన్నిటిలోకీ చిన్నది. సినిమా ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’. జపాన్‌లో ప్రభువులు ఒకరినొకరు కూలదోసుకుంటున్న యుద్ధయుగానికి అదే కథను మార్చి అకిరా కురొసావా తీసిన నలుపు తెలుపు చిత్రం. 1957లో విడుదలైంది. ముగింపుతో సహా కథంతా మాట్లాడతాను. ఏం జరగబోతుందో తెలిసి చూసినా ఈ సినిమా బిగువు సడలదు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. యుద్ధం గెలిచి తిరిగి వస్తున్న సేనానికి దారిలో మంత్రగత్తెలు ఎదురై నువ్వు రాజువవుతావని చెబుతారు. ఇంటికి వెళితే భార్య, అయ్యేదాకా ఆగడం దేనికని ఎగదోస్తుంది. తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజును ఆ రాత్రే చంపుతాడు. పక్కనే పోరాడిన స్నేహితుణ్ణి ఆ తర్వాత చంపిస్తాడు. అడవి కదిలి కోట మీదికి వస్తే తప్ప నీకు ఓటమి లేదన్న జోస్యాన్ని నమ్ముకుంటాడు. అడవి కదిలి వస్తుంది. సినిమాలో మాక్‌బెత్ పేరు వషిజు, వేసినది తొషిరో మిఫునె. భార్య పేరు అసాజి, వేసినది ఇసుజు యమదా. స్నేహితుడు బాంక్వో ఇక్కడ మికి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక పాత్ర మనసులో ఏముందో ప్రేక్షకుడికి ఎలా తెలియాలి? పద్యనాటకం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. నటుడు రంగం ముందుకు వచ్చి, గుండెలో ఉన్నదంతా రాగం ఎత్తి పద్యంగా వినిపిస్తాడు. అంతసేపూ కథ ఆగి నిలబడుతుంది. షేక్‌స్పియర్ స్వగతం చేసేదీ ఆ పనే. మొదటి అంకం ఏడో రంగం తీసి చదవండి. లోపల రాజు డంకన్ భోజనం చేస్తున్నాడు. మాక్‌బెత్ ఒక్కడూ ఇవతలికి వచ్చి లెక్క వేసుకుంటాడు. ఇతను నాకు బంధువు, నా రాజు, పైగా నా ఇంటికి వచ్చిన అతిథి. హంతకుడు రాకుండా తలుపు వేయవలసినవాణ్ణి నేనే కత్తి పట్టుకోవడమా? పోనీ చెడ్డ రాజా అంటే, అదీ కాదు. ఇన్నీ ఒప్పుకున్నాక, తనను ముందుకు తోస్తున్నది పేరాశ ఒక్కటేనని తనే తేల్చి చెబుతాడు.

మాక్‌బెత్ మనల్ని వెంటాడడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. అతనికి తెలుసు. తాను చేయబోయేది ఏమిటో, దానివల్ల తనకు నిద్ర ఉండదని, తన పేరు తలిచేవాడు ఉండడని ముందే తెలుసు. తెలిసి చేస్తాడు. పైగా ఆ తెలిసినదాన్ని మన చెవిలో చెబుతాడు. అందుకే హంతకుడైనా అతనితో మనకు ఒక దగ్గరితనం ఏర్పడుతుంది. అతని పాపంలో మనం సాక్షులం.

కురొసావా ఆ స్వగతాలన్నిటినీ తీసేశాడు. షేక్‌స్పియర్ కవిత్వంలో ఒక్క పంక్తిని కూడా అనువదించలేదు. వషిజు గర్జిస్తాడు, కళ్లు తిప్పుతాడు, ఊపిరి బరువుగా తీస్తాడు. ఒంటరిగా నిలబడి తన మనసు విప్పి చెప్పడం మాత్రం ఎక్కడా లేదు. మరి నాటకానికి ప్రాణమైనది పోతే సినిమా ఎలా నిలబడింది? లోపల ఉండవలసినదాన్ని కురొసావా బయట పెట్టాడు. పొగమంచులో పెట్టాడు, గోడలో పెట్టాడు, బట్టల చప్పుడులో పెట్టాడు.

సినిమా మొదట్లోనే దారి తప్పే సన్నివేశం ఒకటి ఉంది. జోస్యం విన్నాక వషిజు, మికి గుర్రాల మీద పొగమంచులో తిరుగుతారు. కెమెరా వైపు వస్తారు, ఆగుతారు, వెనక్కి తిరిగి మంచులో మాయమవుతారు, మళ్లీ వస్తారు. ఇలా పదేపదే. మొదటిసారి చూసేవాళ్లకు ఎడిటింగ్‌లో కోయడం మరిచిపోయారా అనిపిస్తుంది. ఓపిక పట్టండి. ఇద్దరు యోధులకు బుర్రలో కొత్తగా దూరిన ఒక కోరిక ఎటు తీసుకుపోతుందో తెలియని స్థితిని ఆయన మాటల్లో చెప్పించకుండా గుర్రాలతో చెప్పించాడు. కోట బయటి సెట్టును ఫుజి కొండ వాలు మీద వేయించింది కూడా అక్కడి నల్లమట్టి కోసం, అక్కడి మంచు కోసం.

ఇక హత్య జరిగే రాత్రి. రాజు బస చేయడానికి వచ్చాడు కాబట్టి వషిజు దంపతులు తమ గది ఖాళీ చేసి వేరే గదిలోకి మారాలి. ఆ గదిలో ఇదివరకు ఒక ద్రోహి ఆత్మహత్య చేసుకున్నాడు. గోడ మీద ఆ నెత్తుటి మరక ఎంత కడిగినా పోలేదు. కురొసావా ఈ భార్యాభర్తలను ఆ మరక ముందు కూర్చోబెట్టాడు. ఇక అంతరాత్మ గురించి మాటలెందుకు? గోడ మాట్లాడుతూనే ఉంది.

అసాజి కావలివాళ్లకు మత్తు కలిపిన సారాయి ఇవ్వాలి. ఆమె లేచి పక్కనున్న చీకటి గుమ్మంలోకి వెళుతుంది. నల్లటి చీకటి ఆమెను పూర్తిగా మింగేస్తుంది. కొన్ని క్షణాలు తెర మీద ఎవరూ లేరు. తర్వాత అదే చీకటిలోంచి జాడీ పట్టుకుని తిరిగి వస్తుంది. ఇంతసేపూ వినిపించేది ఆమె పట్టు కిమోనో నేల మీద రాసుకునే చప్పుడు ఒక్కటే. దయచేసి ఈ సన్నివేశాన్ని ఫోనులో, బస్సులో కూర్చుని చూడకండి. ఆ చప్పుడు వినకపోతే సన్నివేశంలో సగం పోయినట్టే. తర్వాత ఆమె ఈటె తెచ్చి భర్త చేతిలో పెడుతుంది. అతను వెళతాడు. నాటకంలో లాగే ఇక్కడా హత్యను చూపించరు. తిరిగి వచ్చాక వషిజు నెత్తుటి ఈటెతో బిగుసుకుని కూర్చుండిపోతాడు. వేళ్లు విడివడవు. అసాజి ఆ వేళ్లను విడదీసి ఈటె లాక్కుని, నిద్రపోతున్న కావలివాడి చేతిలో పెట్టి వచ్చి, తన చేతులు కడుక్కుంటుంది. మొదటిసారి కడుక్కోవడం అది. పిచ్చెక్కి మళ్లీ మళ్లీ కడుక్కునే రోజు తర్వాత వస్తుంది.

యమదా నటన గురించి కొంచెం ఆగి చెప్పాలి. జపాన్‌లో నోహ్ అని ఒక ప్రాచీన నాటక సంప్రదాయం ఉంది. మాస్కులు ధరించి, అడుగు అడుగునూ కొలిచినట్టు వేస్తూ ఆడతారు. కురొసావా తన నటులకు ఒక్కొక్క నోహ్ మాస్కు చూపించి, మీ ముఖం ఇది అన్నాడు. మిఫునెకు యోధుడి మాస్కు. యమదాకు, మతి తప్పబోతున్న అందమైన స్త్రీ మాస్కు. అందుకే అసాజి ముఖం కదలదు, గొంతు లేవదు. క్లోజప్‌లు కూడా తక్కువే. భావోద్వేగం పెరిగే చోట మామూలుగా కెమెరా ముఖం దగ్గరికి వెళుతుంది. ఇక్కడ దూరంగా జరిగి మనిషిని నిలువెల్లా చూపిస్తుంది.

షేక్‌స్పియర్ లేడీ మాక్‌బెత్ తనలో దయ లేకుండా చేయమని భూతాలను పిలుస్తుంది. అంటే ఆమెలో దయ ఉంది, దానితో ఆమెకు పోరాటం ఉంది. అసాజి ఎవరినీ పిలవదు. తర్కం చెబుతుంది. మికి ఆ జోస్యాన్ని ప్రభువు చెవిన వేస్తే మీ తల నిలుస్తుందా అంటుంది. ఇంతకీ మన ప్రభువు ఆ గద్దె ఎలా ఎక్కాడు, తన ప్రభువును చంపి కాదా అని గుర్తు చేస్తుంది.

ఈ ఒక్క మార్పుతో ఇతివృత్తం మొత్తం తిరిగిపోయింది. నాటకంలో డంకన్ మంచి రాజు. అతణ్ణి చంపడం ధర్మానికి తగిలిన గాయం. చివర్లో అతని కొడుకు మాల్కమ్ సింహాసనం ఎక్కడంతో ఆ గాయం మానుతుంది. సినిమాలో మానడానికి ఆరోగ్యంగా ఉన్న ఒళ్లే లేదు. చంపినవాడు, చచ్చినవాడు ఒకే దారిలో వచ్చినవాళ్లు. నాటకం మాక్‌బెత్ ఎందుకు ఇలా చేశాడని అడుగుతుంది. సినిమా చూస్తుంటే, ఈ కోటలో ఉన్నవాడు ఇంకేం చేయగలడు అన్న ప్రశ్న వస్తుంది.

ఇంకొక మార్పు. నాటకంలో లేడీ మాక్‌బెత్ ఒక బిడ్డకు పాలిచ్చానంటుంది, ఆ బిడ్డ ఏమయ్యాడో ఎక్కడా చెప్పరు. సినిమాలో వషిజు పిల్లలు లేరు కదా అని మికి కొడుకునే వారసుడిగా ప్రకటించబోతాడు. అప్పుడు అసాజి నెమ్మదిగా, నేను గర్భవతిని అంటుంది. మికి ప్రాణం ఆ మాటతో పోయింది. ఆ బిడ్డ చనిపోయి పుడుతుంది. విశాల్ భరద్వాజ్ 2003లో ఇదే నాటకాన్ని ముంబయి మాఫియాకు మార్చి తీసిన ‘మక్బూల్’లో కూడా గర్భం కథను నడిపిస్తుంది, కానీ వేరే దిక్కుకు. వీలైతే అదీ చూడండి.

సినిమా పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. నాటకం నాలుగో అంకంలో, మాక్‌బెత్‌కు ఎదురు తిరిగిన ప్రభువు మాక్‌డఫ్‌కు కబురు వస్తుంది, నీ భార్యనూ పిల్లలనూ చంపేశారని. అందరినీనా, అందరినీనా అని అడుగుతాడు. మగవాడిలా తట్టుకో అంటే, మగవాడిలా బాధ పడనివ్వు కూడా అంటాడు. ఆ సన్నివేశానికి సినిమాలో సాటి లేదు. చనిపోయినవాళ్ల తరఫున ఏడ్చేవాళ్లకు కురొసావా చోటివ్వలేదు. మికి గుర్రం ఖాళీ జీనుతో తిరిగివచ్చే దృశ్యం గొప్పదే, కానీ అది భయం కలిగిస్తుంది, దుఃఖం కలిగించదు. హింస బాధితులను నాటకం మనుషులుగా చూసింది. సినిమా వాళ్లను దాటి వెళ్లిపోయింది. ఈ విషయంలో నేను షేక్‌స్పియర్ పక్షం. భార్య మరణవార్త విన్న మాక్‌బెత్ రేపు, మళ్లీ రేపు అంటూ చెప్పుకునే ఆ పది పంక్తులకు కూడా సినిమాలో బదులు లేదు.

అయితే ముగింపులో మాత్రం కురొసావా ఒక అడుగు ముందున్నాడు. నాటకంలో మాక్‌బెత్ శత్రువు చేతిలో, కత్తి పట్టుకుని చస్తాడు. అందులో ఒక వీరుడి మర్యాద మిగిలింది. సినిమాలో వషిజును చంపేది సొంత సైనికులు. ఎందుకు చంపుతారో గమనించండి. శత్రువు చుట్టుముట్టాడు, సైనికులు బెదిరి ఉన్నారు. వాళ్లకు ధైర్యం చెప్పాలని వషిజు పైకెక్కి, నవ్వుతూ జోస్యమంతా బయటపెడతాడు. అడవి నడిచి వస్తే తప్ప నన్ను ఓడించేవాడు లేడంటాడు. సినిమా మొత్తంలో అతను నోరు విప్పి మనసులో మాట చెప్పింది అక్కడొక్కచోటే. సైనికులు జేజేలు కొడతారు.

మర్నాడు మంచులో చెట్లు ఊగుతూ కదిలి వస్తాయి. వషిజు కిందికి చూసి మీ మీ చోట్లకు వెళ్లండని అరుస్తాడు. ఎవరూ కదలరు. అతను చెప్పిన జోస్యం ఇప్పుడు వాళ్లకూ తెలుసు, అడవి వాళ్లకూ కనిపిస్తోంది. మొదటి బాణం వస్తుంది. ఆ తర్వాత వచ్చిన బాణాలు గోడంతా నిండిపోయి అతను తిరగడానికి చోటు లేకుండా చేస్తాయి. వాటిలో చాలావరకు నిజమైన బాణాలు, విలుకాళ్లు వేసినవి. తాను ఎటు జరగబోతున్నాడో వాళ్లకు తెలియాలని మిఫునె చేతులు ఆడిస్తూ కదిలాడు. ఆ ముఖంలో కనిపించే భయంలో నటన ఎంతో, నిజం ఎంతో విడదీయడం కష్టం. మెడలో బాణంతో అతను మెట్లు దిగి వస్తుంటే సైనికులు ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తారు.

ముందు మొదటి అంకం ఏడో రంగం చదవండి, ఆ తర్వాత సినిమా పెట్టండి. సబ్‌టైటిళ్లు తక్కువే, ఇబ్బంది ఉండదు. నమస్కారం.