కారులో ఫ్యూజు పోయిందా? మార్చే ముందు దాన్ని ఒకసారి చదవండి

(తెరపై: విశాఖపట్నం ఎంవీపీ కాలనీ, ఒక అపార్ట్‌మెంటు సెల్లారు. చిన్న కారు, డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది.)

నమస్కారమండీ. ఇది మా పెద్దమ్మ కారు. నిన్న భీమిలి నుంచి వస్తుంటే దారిలో ఫోన్ ఛార్జింగ్ ఆగిపోయిందట. పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరేయ్, ఛార్జరు పాడైందనుకుని కొత్తది కొన్నాను రా, అదీ ఎక్కించట్లేదు" అంది. ఛార్జరుది తప్పేమీ లేదు. అది గుచ్చే సాకెట్‌కే కరెంటు రావట్లేదు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఫ్యూజు. మెకానిక్ అక్కర్లేదు, పది నిమిషాలు చాలు.

బాక్సు తెరిచే ముందు ఒక్క ఆలోచన. ఏం పోయిందో ఒక్కటే కాదు, దానితో పాటు ఇంకేం పోయాయో చూడండి. ఒక హెడ్‌లైటే వెలగకపోతే ముందు బల్బు చూడాలి. నాలుగు పవర్ విండోలూ ఒకేసారి ఆగిపోతే ఫ్యూజు మీద అనుమానం. ఒక్క అద్దమే దిగకపోతే దాని స్విచ్చో మోటారో అయ్యుంటుంది. పెద్దమ్మ కారులో సాకెట్ ఒక్కటే పోయింది, మిగతావన్నీ బాగున్నాయి.

(తెరపై: స్టీరింగు కింద, కుడి మోకాలి దగ్గర మూత తీస్తున్న చేయి.)

మన కార్లలో ఫ్యూజు బాక్సులు మామూలుగా రెండు ఉంటాయి. ఒకటి ఇదిగో ఇలా డాష్‌బోర్డు కింద. రెండోది బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన నల్ల పెట్టె. లోపలి దాంట్లో సాకెట్, ఆడియో, లోపలి లైట్లు లాంటివి. బానెట్ కింది దాంట్లో రేడియేటర్ ఫ్యాను, హారను లాంటి ఎక్కువ కరెంటు లాగేవి. ఏ కారులో ఏది ఎక్కడో మూత లోపలి వైపు బొమ్మ వేసి ఉంటుంది. లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకం చూడండి. ఒకే కారులో కూడా వేరియంటు మారితే వరస మారుతుంది కాబట్టి ఎవరో వీడియోలో చూపించిన గడినే మీరూ పీకకండి. నేను చూపించేదైనా సరే.

తాళంచెవి బయటికి తీసేయండి. లైట్లు, ఏసీ, ఆడియో అన్నీ ఆపేయండి. బాక్సును ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. నాలుగు ఫ్యూజులు పీకి, ఏది ఎక్కడిదో తెలియక సెల్లారులో దిక్కులు చూసే పరిస్థితి రాకూడదు. ఒక్కసారికి ఒక్కటే పీకాలి.

(తెరపై: మూత లోపల తగిలించిన చిన్న ప్లాస్టిక్ పట్టకారు.)

ఈ పట్టకారు చాలా కార్లలో మూతలోనో, బానెట్ కింది బాక్సులోనో ఉంటుంది. దీంతో పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. ఊపుతూ, మెలితిప్పుతూ లాగితే కింద గడి వదులైపోతుంది.

ఇప్పుడు దగ్గరగా చూడండి.

(తెరపై: వెలుతురుకు ఎదురుగా పట్టుకున్న నీలం ఫ్యూజు, బాగా దగ్గరగా.)

రెండు కాళ్ల మధ్య సన్నటి లోహపు పట్టీ ఉండాలి. దీంట్లో తెగిపోయింది. కానీ తెగిందని తెలుసుకుని ఊరుకోవద్దు, ఎలా తెగిందో కూడా చూడండి. ఇక్కడ ప్లాస్టిక్ లోపలంతా నల్లగా మసి పట్టింది. పట్టీ ఒక్కసారిగా మండి ఆవిరైపోయినట్టు ఉంది. అంటే ఎక్కడో తీగా, కారు ఇనుప బాడీ నేరుగా కలిసిపోయి, షార్టు అయ్యుండే అవకాశం ఎక్కువ. అదే మసి లేకుండా మధ్యలో చక్కగా కరిగి తెగితే, పరిమితికి కాస్త మించి కరెంటు చాలాసేపు లాగారన్నమాట. టైర్లలో గాలి నింపే పంపు పెట్టి, పక్కనే ఇంకోటి కూడా గుచ్చితే ఇలా జరుగుతుంది. లెక్క తేలికే. 12 వోల్టుల సాకెట్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే 180 వాట్ల వరకే భరిస్తుంది. ఒక్క పంపే 120 వాట్లు లాగితే 10 ఆంపియర్లు దానికే పోయాయి.

కొన్నిసార్లు పట్టీలో వెంట్రుకంత చీలిక ఉండి కంటికి కనిపించదు. అప్పుడు 12 వోల్టుల టెస్ట్ లాంపు కావాలి, అంటే ఒక చివర మొన, ఇంకో చివర తీగకు క్లిప్పు ఉన్న చిన్న బల్బు. ఇంట్లో గోడ ప్లగ్గుకు వాడే టెస్టరు ఇక్కడ వెలగదు. ఫ్యూజు పీకకుండానే, తాళం తిప్పి, లాంపు క్లిప్పును రంగు లేని ఇనుప భాగానికి తగిలించి, ఫ్యూజు నెత్తి మీద ఉన్న రెండు చిన్న లోహపు చుక్కలనూ తాకండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు బాగున్నట్టు. ఒక వైపే వెలిగితే పోయినట్టు. ఏ వైపూ వెలగకపోతే అసలు ఫ్యూజు దాకానే కరెంటు రావట్లేదు.

మసి చూశాం కదా. అందుకే కొత్త ఫ్యూజు వెంటనే పెట్టలేదు. టార్చి వేసి సాకెట్ లోపల చూశాను.

(తెరపై: సాకెట్ అడుగున మెరుస్తున్న పిన్నీసు.)

పిన్నీసు! పెద్దమ్మ గేరు పక్క గూట్లో పిన్నీసులు పెట్టుకుంటుంది, ఒకటి జారి సాకెట్‌లో పడింది. సాకెట్ మధ్యలో ఉండేది ప్లస్సు, చుట్టూ గోడ మైనస్సు. పిన్నీసు రెండింటినీ కలిపేసింది. ఆ క్షణంలో ఫ్యూజు తెగకపోతే లోపల తీగ కాలేది. ఫ్యూజు తన పని తాను చేసింది. పిన్నీసు ఉండగానే కొత్తది పెట్టి ఉంటే అదీ పోయేది, ఇంకోటీ పోయేది. ఫ్యూజు బయట ఉండగానే, పెన్సిల్ చివర రెండువైపులా అంటుకునే టేపు చుట్టి పిన్నీసు బయటికి తీశాను.

ఇక కొత్త ఫ్యూజు. ఇక్కడ మాత్రం నా మాట గట్టిగా వినండి. పోయిన ఫ్యూజు మీద ఏ అంకె ఉందో అదే అంకె పెట్టాలి. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ, 7.5 గోధుమ రంగు. రంగు గుర్తుకే, అంకె చదివే పెట్టండి. సైజు కూడా అదే ఉండాలి.

"15 మాటిమాటికీ పోతోంది, 30 పెట్టేద్దాం" అనే వాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఒకసారి ఒప్పుకున్నాను. అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతుంటే వానలో వైపర్లు ఆగిపోయాయి. దారిలో ఒకాయన ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టేశాడు. వైపర్లు తిరిగాయి, దండం పెట్టి వచ్చేశాను. తర్వాత కొన్నాళ్లకు వైపరు మోటారు బిగుసుకుపోయింది. వెండి కాగితం తెగలేదు. డాష్‌బోర్డు వెనక తీగల పైతోలు కరిగి, క్యాబిన్ నిండా కాలిన వాసన. బండిలో మా పాప ఉంది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. కంపెనీ వాళ్లు ఆ అంకెను తీగ మందాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఫ్యూజు పెద్దదైతే మొదట తెగేది తీగే, అది కూడా మీ కళ్లకు కనిపించని చోట, మంటతో. వెండి కాగితం, రాగి తీగ, పెద్ద ఫ్యూజు, ఏదీ ఒక్క రోజుకైనా వద్దు. స్పేరు లేకపోతే అవసరం లేని దాని ఫ్యూజు తీసి పెట్టుకోండి, అంకె ఒకటే అయితేనే. ఉదాహరణకు ఆడియోది.

(తెరపై: నీలం ఫ్యూజును వేలితో నొక్కి కూర్చోబెడుతున్నారు.)

నేరుగా, గట్టిగా, పూర్తిగా దిగేదాకా నొక్కండి. సగం దిగితే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. సముద్రానికి దగ్గర ఉన్న వాళ్లకు ఇంకో మాట. బీచ్ రోడ్డు, రుషికొండ, ఇలా ఉప్పుగాలి తగిలే చోట ఎప్పుడూ ఆరుబయట నిలిపే బండికి ఫ్యూజు కాళ్ల మీద ఆకుపచ్చ, తెల్ల పొడి పడుతుంది. కరెంటు దానిగుండా సరిగ్గా పారదు. పీకినప్పుడు కాళ్లు చూడండి, పొడి ఉంటే కాంటాక్ట్ క్లీనరు (కరెంటు కనెక్షన్లు శుభ్రం చేసే స్ప్రే) కొట్టండి, బానెట్ కింది మూత టక్కుమనేలా మూయండి.

కొన్ని ముట్టుకోకూడనివి ఉన్నాయి. బోల్టుతో బిగించిన పెద్ద ఫ్యూజులు, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు తీగలు. ఇవి వర్క్‌షాపు వాళ్ల పని. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే మూడోది పెట్టకండి. లోపల షార్టు ఇంకా ఉంది. ఎలుక తీగ కొరికిందేమో చూడమనండి.

(తెరపై: పెద్దమ్మ ఛార్జరు గుచ్చుతుంది. ఫోన్ తెర వెలుగుతుంది.)

"ఎక్కుతోంది రా!" అంటోంది పెద్దమ్మ. పిన్నీసుల డబ్బా ఇప్పుడు గ్లోవ్ బాక్సులోకి మారింది. స్పేరులో ఉన్న ఒక్క నీలం ఫ్యూజూ వాడేశాం. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లినప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లి, అదే సైజులో, పేరున్న కంపెనీవి రెండు 15లు కొని ఈ మూతలో పెడతాను.