ప్రిసిల్లా బస్సు ఆగిన ఊరికి మామయ్యగారితో

నమస్తే అండీ! అడిలైడ్ నుంచి బ్యారియర్ హైవే మీద బ్రోకెన్ హిల్ వెళ్తున్నాం. సుమారు 500 కిలోమీటర్లు. దారిలో యుంటా అనే చిన్న ఊరి తర్వాత బంకులు తక్కువ కాబట్టి అక్కడే ట్యాంకు నింపేశాం. పొద్దువాలితే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి, అందుకే చీకటి పడేలోపు చేరాలని మా ఆయన ఎక్కడా ఎక్కువసేపు ఆపట్లేదు.

ఇంత దూరం ఒక సినిమా కోసం వస్తున్నాం. 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్'. 1994లో స్టీఫన్ ఎలియట్ తీశాడు. సిడ్నీలో డ్రాగ్ షోలు చేసే ముగ్గురు, అంటే ఆడవేషం కట్టి పాటలకి పెదాలు కలుపుతూ ఆడేవాళ్లు, పాత బస్సొకటి కొని దానికి ప్రిసిల్లా అని పేరు పెట్టి ఆలిస్ స్ప్రింగ్స్‌కి బయల్దేరతారు. వాళ్లలో బెర్నడెట్ ట్రాన్స్ మహిళ. ఆ పాత్రలో టెరెన్స్ స్టాంప్‌ని చూడాలండీ, ఎంత హుందాగా చేశాడో! టిక్‌గా హ్యూగో వీవింగ్, ఆడమ్‌గా గై పియర్స్.

బయల్దేరేముందు ఇంట్లో ఈ సినిమా పెట్టాను. మామయ్యగారు ఏమంటారోనని కాస్త టెన్షన్ పడ్డాను. ఆయనది కూచిపూడి దగ్గర పల్లెటూరు. సగం చూశాక అన్నారు: "వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే కళ్లార్పకుండా చూసేవాళ్లమ్మాయ్. జడ విసురు కూడా అంతే."

నిజమే. స్త్రీవేషం మనకి కొత్త కాదు, స్థానం నరసింహారావుగారి మీరజాలగలడా పాట ఇప్పటికీ పాడుకుంటాం. కానీ అది, ఇది ఒకటే అనను. మనం వేషానికి చప్పట్లు కొట్టాం. వేషం తీసేశాక కూడా "నేనింతే" అని నిలబడిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టామా? నన్నడిగితే ఈ సినిమా అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇదిగో, వచ్చేశాం. ఈ ఊరు న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నా గడియారం మాత్రం మా సౌత్ ఆస్ట్రేలియాదే, సిడ్నీకంటే అరగంట వెనక. వెండి, సీసం, జింకు గనుల ఊరు. వీధుల పేర్లు చూడండి: ఆర్జెంట్, ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్! ఈ ప్యాలెస్ హోటల్ 1889 నాటిది. లోపలికి రండి, గోడలనిండా బొమ్మలే. సినిమాలో ముగ్గురూ దిగింది ఇక్కడే.

పూర్తి అలంకారంతో పబ్బుకి వెళ్తే ఒకావిడ వాళ్లని అవమానిస్తుంది. బెర్నడెట్ ఆవిడకి మాటకి మాట అప్పజెప్పి, తాగుడు పోటీలోనూ ఓడిస్తుంది. అందరూ కలిసి నవ్వుకుంటారు. తెల్లారి చూస్తే బస్సు మీద బూతులు రాసుంటాయి. రాత్రి మెచ్చుకున్న ఊరే, పొద్దున వెళ్లగొట్టాలని చూసే ఊరు. ఇంత నవ్విస్తూ కూడా సినిమా ఆ దెబ్బని దాచలేదు, అందుకే దీన్ని నమ్ముతాను. తర్వాత ఆడమ్ ఆ రాతల మీద లావెండర్ రంగు పూసేస్తాడు.

నాకు నచ్చనిది ఒకటుంది. బాబ్ అనే మెకానిక్ భార్యగా ఫిలిప్పీన్స్ అమ్మాయిని చూపించిన తీరు. ఇంతమందిని మనుషులుగా చూడమన్న సినిమా, ఆసియా నుంచి వచ్చిన ఆడమనిషిని మాత్రం నవ్వులాటకి వాడుకుంది. వలసొచ్చి బతుకుతున్న నాకు అది గుచ్చుకుంది.

బట్టల గురించి చెప్పకపోతే ఎలా! రబ్బరు చెప్పులు కుట్టి చేసిన గౌను ఉంటుంది. ఆ దుస్తులకే లిజీ గార్డినర్, టిమ్ చాపెల్‌కి ఆస్కార్ వచ్చింది.

టిక్ అసలు భయం కొడుకు గురించి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో భార్య దగ్గర పెరుగుతున్న పిల్లాడు. తండ్రిని వేషంలో చూస్తే అసహ్యించుకుంటాడేమోనని వణుకు. షోలో జనం మధ్య కొడుకుని చూసి స్పృహ తప్పి పడిపోతాడు. మర్నాడు మగరాయుడిలా నటించబోతాడు. పిల్లాడికి అన్నీ ముందే తెలుసు, ఆబ్బా అనే పాప్ బృందం పాటకి ఎప్పుడు ఆడతావని అడుగుతాడు. అక్కడ మామయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాళ్లమ్మ చక్కగా పెంచింది" అన్నారు. నాకూ అదే అనిపించింది.

2017లో ఈ దేశంలో పోస్టల్ సర్వే పెడితే 61.6 శాతం మంది స్వలింగ వివాహాలకి అవునన్నారు, ఆ ఏడాదే చట్టమూ వచ్చింది. ఈ ఊళ్లో 2015 నుంచి సెప్టెంబర్‌లో బ్రోకెన్ హీల్ అనే డ్రాగ్ పండుగ జరుగుతోంది.

మీరూ వస్తే ఒక మాట: సౌత్ ఆస్ట్రేలియాకి తిరిగెళ్లేటప్పుడు కారులో పళ్లు ఉంచుకోకండి, చెక్‌పోస్టులో పారేయాల్సిందే. సినిమాలో బూతులున్నాయి, చిన్నపిల్లలతో చూడొద్దు, పెద్దవాళ్లతో మాత్రం తప్పకుండా చూడండి. అసలు బస్సు చాలాకాలం కనిపించకుండా పోయి, న్యూ సౌత్ వేల్స్‌లో ఒక పొలంలో మళ్లీ దొరికింది. దాన్ని బాగుచేసే పని మాకు దగ్గర్లోని బర్డ్‌వుడ్ నేషనల్ మోటార్ మ్యూజియం తీసుకుంది. జనానికి చూపించిన రోజున మామయ్యగారిని తీసుకెళ్లి మీకూ చూపిస్తాను.