శ్రీరంగపట్నం తోటలకు రెండు గంటలు ఇవ్వండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకటి నుంచి వింటూనే ఉన్నారు, నేను మళ్లీ చదవను. వనమహోత్సవం కదా, మొక్కలు నాటడం గురించి చెప్పమన్నారు. క్షమించాలి, నేను నరికేసిన చెట్ల గురించి చెప్తాను.

బెంగళూరు తెలుగువాళ్లం మైసూరు వెళ్తూ శ్రీరంగపట్నంలో ఆగుతాం. రంగనాథస్వామి దర్శనం, టిప్పు పడిపోయిన చోట ఫోటో, తర్వాత దరియా దౌలత్. 1784లో కట్టిన టేకు మహలు. గోడ మీద హైదర్, టిప్పు ఇంగ్లీషువాళ్లను ఓడించిన పొల్లిలూరు యుద్ధం, పల్లకీలో వాళ్ల సేనాని కర్నల్ బెయిలీ. బొమ్మలు గొప్పవే, కాదనను. కానీ అది తోట అండీ! తోటను ఎవరు చూస్తున్నారు?

ఇంకొకటి లాల్‌బాగ్. మన ఊళ్లోది కాదు, అక్కడిది. కావేరి మధ్య దీవికి తూర్పు కొసన, హైదర్ అలీ సమాధి ఉన్న చోటు. 1792 ఫిబ్రవరిలో టిప్పు మీదికి వచ్చిన ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం అక్కడ దిగింది. కోటను ముట్టడించాలంటే కట్టెల మోపులు కావాలి, మట్టి నింపే బుట్టలు అల్లాలి. ఎదురుగా సైప్రస్ చెట్లు. నరికేశారు! తోటలోని మహలును ఆసుపత్రి చేశారు. తర్వాత ఆ మహలూ మిగల్లేదు. దాని కలప ఊటీ సెయింట్ స్టీఫెన్స్ చర్చికి దూలాలైంది. ఊటీ వెళ్తే తలెత్తి చూడండి.

ఆ ముట్టడిలో నిజాం సైన్యమూ ఉంది. టిప్పు ఓడి వదులుకున్న సీమలో వాటాగా నిజాంకు కడప దక్కింది, 1800లో కుంపిణీకి పోయింది. దత్త మండలాల కథ అదే. కడపవాళ్లు చేతులెత్తండి... ఇంతమందా! మరి ఆ చెట్ల లెక్కలో మనమూ లేమంటారా?

నా కడుపుమంట వేరే ఉంది. నేను పనిచేసిన ఒక చోట పార్కింగ్ కోసం వరసకు వరస చెట్లు కొట్టేశారు. యుద్ధం లేదు, ముట్టడి లేదు. స్కూటర్లు! "మళ్లీ నాటుతాం సార్" అన్నారు. నాటారు. ఫోటో దిగారు. నీళ్లు ఎవరూ పోయలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోవచ్చిందండీ.

శ్రీరంగపట్నం చిన్న మున్సిపాలిటీ. మనం వెళ్లి ప్లాస్టిక్ సీసాలు పడేసి వస్తే, వీధులూడ్చే భారం ఆ ఊరిదే. ఈసారి మన సంఘం బస్సు వేస్తే లాల్‌బాగ్‌కు రెండు గంటలు ఇవ్వాలి, ఖాళీ సీసాలు బస్సులోనే తిరిగి రావాలి. సెక్రటరీ గారూ, ఇది మినిట్స్‌లో రాసుకోండి. రాశారా?