కత్తి పిడికి ఏ నూనె పట్టించాలి, ఎలా పట్టించాలి

నమస్తే అండి. ఈ రోజు బల్ల మీద మూడు పనిముట్లున్నాయి చూడండి. ఇది టేకు పిడి ఉన్న కూరగాయల కత్తి. ఇది ఇరుగుడు పిడిది, అంటే రోజ్‌వుడ్, కాస్త పాతది. మూడోది తుమ్మ పిడి కొడవలి. మూడింటి పిడులూ తెల్లబారి, ఎండిపోయి, చేత్తో రుద్దితే గరగరలాడుతున్నాయి. వీటికి నూనె పట్టించి మళ్ళీ ప్రాణం పోద్దాం.

ముందు ఒక మాట. పిడికి నూనె అనగానే మన చెయ్యి నేరుగా కొబ్బరినూనె సీసా మీదికి పోతుంది. పట్టించిన రోజు బ్రహ్మాండంగా మెరుస్తుంది కూడా. వారం తిరక్కుండా దుమ్ము పట్టి జిడ్డుగా తయారవుతుంది, కొన్నాళ్ళకి పాత నూనె వాసన మొదలవుతుంది. ఎందుకంటే కొబ్బరినూనె ఎన్నాళ్ళున్నా ఆరదు. వేరుశనగ నూనె, ఆముదం కూడా అంతే. పొద్దుతిరుగుడు నూనెది ఇంకో తంటా. అది సగం ఆరుతుంది, సగం ఆరదు. మీ వంటింట్లో నూనె డబ్బా మూత చుట్టూ పసుపుపచ్చగా ఒక బంక పేరుకుంటుంది కదా, గోటితో గీకినా ఓ పట్టాన రాదు. పిడి మీద కూడా అదే తయారవుతుంది.

కాబట్టి నూనె కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఆరే నూనేనా, ఆరని నూనేనా? ఖరీదు, రంగు, వాసన అన్నీ ఆ తర్వాతే.

ఆరడం అంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదు. అవిసె నూనె లాంటివి గాలిలోని ఆక్సిజన్ని పట్టుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, చెక్క లోపలే గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక నీళ్ళకి కరగవు, చేతికి అంటవు. చెక్క పైన అద్దంలా పొర కట్టదు కాబట్టి తడి చేత్తో పట్టుకున్నా పిడి జారదు. వార్నిష్ వేసిన పిడి కొత్తలో బాగుంటుంది గానీ, రివెట్ల దగ్గర, అంటే పిడిని ఇనుముకి బిగించే మేకుల దగ్గర, పొర లేచిందంటే ఆ సందులోంచి నీళ్ళు లోపలికి దూరతాయి. పిడి లోపలి ఇనుము తుప్పు పట్టేది అక్కడే. రోజూ నీళ్ళు తగిలే కత్తికి నేను వార్నిష్ వెయ్యను.

ఇక ఏ నూనె కొనాలి?

మొదటిది అవిసె నూనె, లిన్సీడ్ ఆయిల్. క్రికెట్ ఆడినవాళ్ళకి దీని వాసన బాగా తెలుసు, కొత్త బ్యాట్‌కి పట్టించేది ఇదే. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. పెయింట్ షాపులో ‘డబుల్ బాయిల్డ్’ అని ఇచ్చేది తొందరగా ఆరుతుంది, మంచి ఎండ రోజుల్లో ఒక రోజుకే. మామూలుగా అలా తొందరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహపు లవణాలు కలుపుతారు. కొడవలికి, గొడ్డలికి, పారకి ఇది చక్కగా సరిపోతుంది. వంటింటి కత్తికి మాత్రం నేను పచ్చి నూనే వాడతాను, అంటే ఏమీ కలపని రా లిన్సీడ్. ఇది ఆరడానికి పూతకి నాలుగైదు రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. ఓపిక ఉండాలి మరి. తినడానికి అమ్మే అవిసె నూనె కూడా పనికొస్తుంది గానీ సీసా మీద చదవండి. విటమిన్ ఇ కలిపి ఉంటే పక్కన పెట్టండి, నూనె పాడవకుండా కలిపే ఆ విటమినే ఆరడాన్నీ ఆపుతుంది.

రెండోది టంగ్ ఆయిల్. చైనాలో పెరిగే టంగ్ చెట్టు గింజల నుంచి తీస్తారు. నీటిని అవిసె నూనె కంటే బాగా ఆపుతుంది, అంతగా పసుపు రంగుకి తిరగదు. ఒక్క జాగ్రత్త. ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ అని రాసిన డబ్బాల్లో చాలావరకు వార్నిష్, థిన్నర్ కలిపిన సరుకే ఉంటుంది. ‘ప్యూర్’ అని ఉందో లేదో చూసి కొనండి. డానిష్ ఆయిల్ అనేది కూడా నూనె, వార్నిష్, థిన్నర్ కలిపిన మిశ్రమమే.

అక్రోట్ నూనె కూడా ఆరుతుంది. ఖరీదెక్కువ, పైగా ఇంట్లో ఎవరికైనా గింజల అలర్జీ ఉంటే అసలొద్దు.

ఆఖరిది మినరల్ ఆయిల్. ఇది ఎప్పటికీ ఆరదు, కానీ పాడవదు, వాసన రాదు. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అని అడగండి. మలబద్ధకానికి ఇచ్చే తెల్లటి పాలలాంటి మందు ఇస్తే తీసుకోకండి, దాంట్లో ఇంకేవో కలుస్తాయి. నీళ్ళలా తేటగా, రంగు వాసన లేకుండా ఉండేదే మనకు కావాలి. రెండు వారాలు ఆగలేను, సాయంత్రానికి కత్తి కావాలి అనేవాళ్ళకి ఇదే దారి. కాకపోతే కడిగిన కొద్దీ పోతుంది, నెలకోసారైనా మళ్ళీ పట్టించాలి.

సరే, పనిలోకి దిగుదాం. ముందు బ్లేడుకి అట్ట చుట్టి టేపు వేయండి. పని పిడి మీదే కదా అని వదిలేయొద్దు. చేతులు నూనెగా ఉన్నప్పుడే కత్తి జారేది.

ఇప్పుడు పిడి మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. ఇదిగో, ఈ టేకు పిడి మీద చుక్క నిమిషంలో ఇంకిపోయి నల్లటి మచ్చ అయింది. అంటే చెక్క దాహంతో ఉంది, నూనె తాగుతుంది. చుక్క పూసలా నిలబడితే పాత వార్నిష్ ఇంకా ఉన్నట్టు. అది పూర్తిగా గీకితే తప్ప నూనె లోపలికి పోదు. కొన్ని కత్తుల పిడులు చెక్కకి రెసిన్, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే బంక, పట్టించి ఒత్తి చేసినవి ఉంటాయి, చూడ్డానికి చెక్కలాగే కనిపిస్తాయి. వాటికి నూనె అవసరం లేదు, వాటిని వదిలేయండి.

సబ్బు నీళ్ళతో తోమి, తుడిచి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెడితే చెక్క పగులుతుంది. తర్వాత శాండ్ పేపర్. బాగా గరుకుగా ఉంటే 120 నంబరుతో మొదలుపెట్టి 220, ఆ పైన 320. నంబరు పెరిగేకొద్దీ పేపర్ నున్నగా ఉంటుంది. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు నూనె పడ్డాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 220 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. దగ్గరగా చూపిస్తాను... ఈ సన్నటి నూగు లేచింది చూశారా? ఇప్పుడే లేపి 320తో తీసేస్తే, రేపు మొదటిసారి కత్తి కడిగినప్పుడు లేవదు.

రివెట్లు ఇత్తడివైతే వాటి మీద ఎక్కువ రుద్దకండి. ఆ పొడి చుట్టూ ఉన్న చెక్కలోకి పోయి నల్లగా మరకలు పడతాయి. ఇరుగుడు రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆ పొడి చాలామందికి తుమ్ములు, దురదలు తెస్తుంది.

ఇరుగుడుతో ఇంకో పేచీ కూడా ఉంది. ఆ చెక్కలో సహజంగా ఉండే పదార్థాలు ఆరే నూనెని ఆరనివ్వవు. అవిసె నూనె పట్టించి వారాల తరబడి చూసినా చేతికి అంటుకుంటూనే ఉండొచ్చు. అందుకే ఈ రెండో కత్తికి అవిసె నూనె జోలికి పోను. దీనికి మినరల్ ఆయిల్, మైనం. అది ఆఖర్లో చేద్దాం.

టేకు పిడికి మొదటి పూత. పాత బనియన్ గుడ్డ ముక్క తీసుకుని నూనె ధారాళంగా పట్టించండి. పిడి చివర, చెక్క అడ్డంగా తెగిన చోట చూడండి, వేసింది వేసినట్టే పీల్చేస్తోంది. అక్కడ ఇంకిన కొద్దీ వేస్తూ ఉండాలి. రివెట్ల చుట్టూ, ఇనుముకీ చెక్కకీ మధ్య సందులోనూ దట్టంగా పట్టించండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి.

ఇప్పుడు అసలు పని. పొడి గుడ్డతో పైన ఉన్న నూనె మొత్తం తుడిచేయండి. మొత్తం అంటే మొత్తమే, పిడి పట్టుకుంటే వేలికి తడి తగలకూడదు. పైన మిగిలిన నూనె గట్టిపడదు, బంకవుతుంది. నూనె పనిలో చెడేది ఎక్కువగా ఇక్కడే, ఇంకాస్త మెరుపు కోసం కొంచెం ఉంచేయడం వల్ల. గంట తర్వాత మళ్ళీ చూడండి. రంధ్రాల్లోంచి చిన్న చిన్న చుక్కలు పైకి ఊరతాయి, వాటినీ తుడవాలి.

ఆ గుడ్డల సంగతి కాస్త శ్రద్ధగా వినండి. అవిసె నూనె, టంగ్ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. చెక్క పని చేసినవాళ్ళు 22వ అంతస్తులో వదిలేసిన లిన్సీడ్ ఆయిల్ గుడ్డల నుంచే ఆ మంట మొదలైంది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. కాబట్టి గుడ్డని మడత లేకుండా పరిచి, ఆరుబయట గోడ మీదో కంచె మీదో ఆరేయండి. బిగుసుకుపోయి అట్టలా అయ్యాక చెత్తలో వేయొచ్చు. అలా వీలు కాకపోతే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచి ఉంచండి. మినరల్ ఆయిల్ ఇలా ఆరదు కాబట్టి దానికి ఈ టెన్షన్ లేదు.

మొదటి పూత ఆరాక రెండోది, ఆ తర్వాత మూడోది. మూడు పూతలు చాలు. వర్షాకాలంలో, అందులోనూ కోస్తా ఉక్కపోతలో, ఆరడం బాగా ఆలస్యమవుతుంది. వీలుంటే సంక్రాంతి దాటాక పెట్టుకోండి ఈ పని. ఆరిందో లేదో తెలియాలంటే వాసన చూడండి. ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నూనె వాసన గట్టిగా వస్తుంటే ఇంకా ఆరనట్టే.

మూడో పూతకి ఒక చిన్న కిటుకు. నూనె తడిగా ఉండగానే 400 నంబరు పేపర్‌తో మెల్లగా రుద్దండి. నీళ్ళు తగిలినా పాడవని నల్ల పేపర్ ఉంటుంది, అది తీసుకోండి. ఈ గోధుమరంగు ముద్ద కనిపిస్తోందా? చెక్క పొడి, నూనె కలిసి తయారైంది. టేకులో ఉండే సన్నటి రంధ్రాల్లోకి ఈ ముద్ద దిగి పూడ్చేస్తుంది. రెండు నిమిషాలు ఆగి, చారలకి అడ్డంగా ఒకసారి తుడిచి, తర్వాత వెంట తుడవండి. ఆరాక పట్టుకుని చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు ఇరుగుడు కత్తి. తేనె మైనం ఒక వంతు, లిక్విడ్ పారాఫిన్ నాలుగు వంతులు, తూకంలో. మైనం 60 డిగ్రీలు దాటాక కరుగుతుంది. గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. చల్లారాక నెయ్యి పేరుకున్నట్టు అవుతుంది. పిడికి ముందు ఉత్త పారాఫిన్ పట్టించి, రాత్రంతా ఉంచి, పొద్దున తుడవండి. ఆ తర్వాత ఈ మైనం ముద్ద వేలితో రాసి, అరగంట ఆగి పొడి గుడ్డతో మెరుగు పెట్టండి. కత్తిపీట చెక్కకి కూడా ఇదే వాడుకోవచ్చు.

కొడవలికి డబుల్ బాయిల్డ్ రెండు పూతలు, ఇదే పద్ధతి. కొడవలి పిడి మరీ నున్నగా ఉంటే చెమట చేతికి పట్టు చిక్కదు. అందుకే 220 దగ్గరే ఆపేశాను.

పచ్చి అవిసె నూనె పట్టించిన కత్తిని మూడో పూత తర్వాత కూడా ఒక నెల మెల్లగా వాడండి, లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. ఆ తర్వాత కూడా సింకులో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో వేయడం వద్దు. కడిగిన వెంటనే తుడిచి పెట్టండి. అప్పుడప్పుడు నీటి చుక్క పరీక్ష చెయ్యండి. చుక్క ఇంకడం మొదలైతే ఒక్క పలుచని పూత వేసి తుడిచేస్తే సరిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి రుద్దనక్కర్లేదు. కొడవలికైతే కోతల ముందు ఏడాదికోసారి చాలు.