సింగపూర్ నుంచి పెద్ద క్రూజ్: ఓడ సంగతి తర్వాత, ముందు రేవు సంగతి చూడండి

నమస్తే అండి. ముంబైలో కార్డీలియా క్రూజ్ షిప్ ఎక్కి గోవా, లక్షద్వీప్ చూసొచ్చిన హైదరాబాద్ వాళ్ళు ఈ మధ్య మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "ఈసారి సింగపూర్ నుంచి పెద్ద షిప్ అనుకుంటున్నాం, ఏం మారుతుంది?" సైజు తప్ప ఓడలో మారేది పెద్దగా ఏమీ లేదు. తేడా అంతా నేల మీదే ఉంటుంది. ఎక్కే రోజు ఒక పూట, దిగే రోజు ఒక పూట. డబ్బులు పోయేదీ, ఇంట్లోవాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకునేదీ అప్పుడే. కాబట్టి ఈ వీడియోలో వాటర్ స్లైడ్లు, బఫేలు చూపించట్లేదు. రేవు గురించే మాట్లాడుకుందాం.

ముందు సైజు. కార్డీలియా ఎంప్రెస్ 1990లో వచ్చిన ఓడ, సుమారు 48,500 గ్రాస్ టన్నులు (ఇది బరువు కాదు, ఓడ లోపలి చోటుకి కొలత), పొడవు 211 మీటర్లు. సింగపూర్ నుంచి తిరిగిన స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్ 1,69,000 గ్రాస్ టన్నుల పైమాటే, పొడవు 347 మీటర్లు. గదికి ఇద్దరి లెక్కన చూసినా 4,200 మందికి పైగా పడతారు. అంతమంది ఒకే మధ్యాహ్నం, ఒకే బిల్డింగ్‌లోంచి ఎక్కాలి. మీ ప్లాన్ ఈ ఒక్క విషయం చుట్టూ వేసుకోవాలి.

ఇప్పుడు అసలు పొరపాటు. సింగపూర్‌లో క్రూజ్ టెర్మినళ్ళు రెండున్నాయి. ఒకటి మరీనా సౌత్‌లో ఉన్న మరీనా బే క్రూజ్ సెంటర్, 2012లో మొదలైంది, పెద్ద షిప్పులు సాధారణంగా ఇక్కడికే వస్తాయి. రెండోది హార్బర్‌ఫ్రంట్‌లో వివోసిటీ మాల్ పక్కనున్న సింగపూర్ క్రూజ్ సెంటర్. ట్యాక్సీ ఎక్కి "క్రూజ్ సెంటర్" అంటే డ్రైవర్ ఏ క్రూజ్ సెంటర్‌కైనా తీసుకెళ్ళొచ్చు. కాచిగూడలో రైలుంటే సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడ్డట్టే అవుతుంది. ఈ-టికెట్‌లో టెర్మినల్ పేరు చూసి, దాన్ని మ్యాప్‌లో ముందే సేవ్ చేసుకోండి. డ్రైవర్‌కి ఆ స్క్రీన్ చూపించండి, నోటితో చెప్పకండి. మెట్రోలో వెళ్తే మరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి నడక ఉంది. పెద్ద సూట్‌కేసులు, అమ్మమ్మ, చంటిపిల్ల ఉంటే మెట్రో వద్దు. ట్యాక్సీ ఎక్కకుండా మిగిల్చిన డబ్బు నడుం నొప్పికే పోతుంది.

ఇక విమానం. శంషాబాద్ నుంచి సింగపూర్‌కి నేరుగా ఫ్లైట్లున్నాయి, ప్రయాణం నాలుగున్నర గంటలకి అటూ ఇటూ. సింగపూర్ గడియారం మన కంటే రెండున్నర గంటలు ముందు. అంటే రాత్రి 11కి ఎక్కితే అక్కడ దిగేసరికి పొద్దున్న 6. షిప్ సాయంత్రం కదా, అదే రోజు దిగి ఎక్కేద్దాం, ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది అనిపిస్తుంది. కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. కానీ ఆ ఫ్లైట్ రద్దయితే దాని తర్వాతది మర్నాడు రాత్రి దాకా దొరక్కపోవచ్చు. ఓడ ఎవరికోసమూ ఆగదు. తర్వాతి రేవులో ఎక్కాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, ఆ దేశంలో అడుగు పెట్టడానికి మీ దగ్గర కాగితాలుండాలి, టికెట్లు మీ ఖర్చు. కాబట్టి ఒక రోజు ముందే దిగండి, ఇందులో బేరం లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా క్రూజ్ కవర్ అవుతుందా, ఓడ బయల్దేరే టైముకి అందుకోలేకపోతే డబ్బు ఇస్తారా అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి.

కాగితాల్లో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బుకింగ్‌లో ఒక్క అక్షరం పెడతాం. లేదా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. విమానం టికెట్, వీసా, క్రూజ్ బుకింగ్ మూడింట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. సర్‌నేమ్ ఖాళీ అయితే ఏం రాయాలో బుక్ చేసేముందే క్రూజ్ కంపెనీని మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోండి. డబ్బు కట్టాక మార్చడం పెద్ద పని.

పాస్‌పోర్ట్‌కి కనీసం ఆరు నెలల గడువుండాలి. సింగపూర్ వీసా అధీకృత ఏజెంట్ల ద్వారా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. చేతికి రాగానే అందులో మల్టిపుల్ అని ఉందో లేదో చూడండి. ఎందుకంటే ఓడ మలేషియా, థాయ్‌లాండ్ వెళ్ళొస్తే మీరు సింగపూర్‌లోకి రెండోసారి అడుగు పెడుతున్నట్టే లెక్క. అదే కారణంతో ఎస్‌జీ అరైవల్ కార్డ్ (సింగపూర్‌లోకి వచ్చేవాళ్ళు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) కూడా రెండుసార్లు నింపాలి: విమానంలో వెళ్ళేటప్పుడు ఒకసారి, ఓడలో తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి. రావడానికి మూడు రోజుల్లోపు నింపాలి, ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనపడితే అది ప్రభుత్వానిది కాదు. దారిలో దిగే దేశాల వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి. బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయల్దేరేముందు ఇంకోసారి చూసుకోండి.

ఇంట్లో గర్భిణి ఉంటే, చాలా కంపెనీల్లో ప్రయాణం ముగిసే లోపు 24వ వారం మొదలైతే ఎక్కనివ్వరు. మామూలు రూట్లలో ఆరు నెలల్లోపు పిల్లల్నీ తీసుకోరు. ఇది టెర్మినల్‌లో తెలుసుకునే విషయం కాదు.

ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరవగానే చేసేయండి. ఫోటో, పాస్‌పోర్ట్ వివరాలు, కార్డు వివరాలు ఎక్కించాక టెర్మినల్‌కి రావాల్సిన టైమ్ స్లాట్ ఇస్తారు. ముందు చేసినవాళ్ళకి ముందు స్లాట్. తర్వాత లగేజ్ ట్యాగులు ప్రింట్ తీయండి, మీ గది నంబర్ వాటిమీదే ఉంటుంది. ఇదిగో, ఇలా గీతల మీద మడిచి, పైన సెల్లో టేప్ చుట్టి, సూట్‌కేస్ పిడి చుట్టూ తిప్పి రెండు స్టేపుల్ పిన్నులు కొట్టండి. టేప్ లేకుండా ఉత్త కాగితం కడితే చెమట చేతులకీ, వానకీ చిరిగిపోతుంది. సింగపూర్‌లో వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. ట్యాగ్ ఊడిన పెట్టె ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది, మీరు వెళ్ళి వెతుక్కోవాలి.

టెర్మినల్‌లో పనులు ఇవీ: పెద్ద పెట్టెలు పోర్టర్లకి ఇవ్వడం, చెక్-ఇన్ కౌంటర్, సెక్యూరిటీ స్కాన్, సింగపూర్ ఇమిగ్రేషన్, ఆ తర్వాత ఓడ. ఇచ్చిన పెట్టెలు గది ముందుకి వచ్చేసరికి సాయంత్రం అవ్వొచ్చు. కాబట్టి పాస్‌పోర్టులు, మందులు, పవర్ బ్యాంక్, ఒక జత బట్టలు, పిల్లల స్విమ్మింగ్ డ్రెస్సు చేతి బ్యాగులోనే ఉండాలి. పాస్‌పోర్ట్ పెద్ద పెట్టెలో పెట్టి పోర్టర్‌కి ఇచ్చేసే కుటుంబం ప్రతి సెయిలింగ్‌లో ఒకటైనా కనపడుతుంది. ఇమిగ్రేషన్ దగ్గర వాళ్ళ ముఖాలు చూడలేం.

ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, బుల్లి రైస్ కుక్కర్... తీసుకెళ్ళకండి. ఓడలో నిప్పంటే భయం, స్కాన్‌లో దొరికితే తీసేసుకుంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఇంట్లో వండిన పులిహోర వద్దు, సీల్ ఉన్న ప్యాకెట్ చిరుతిళ్ళు సాధారణంగా పర్వాలేదు. జైన్ భోజనం, వెల్లుల్లి లేని భోజనం కావాలంటే బుకింగ్ అప్పుడే రాయించండి.

గది ఎంచుకోవడం గురించి క్లుప్తంగా: వాంతుల భయమున్నవాళ్ళు మధ్య భాగంలో, కింది డెక్కుల్లో (అంతస్తుల్లో) తీసుకోండి, ఊపు తక్కువ. స్విమ్మింగ్ పూల్ డెక్కుకి సరిగ్గా కింద ఉన్న గది ఎంత చవకైనా వద్దు, తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది.

ఎక్కగానే బఫే వైపు పరిగెత్తకుండా ముందు రెండు పనులు చేయండి. ఒకటి, క్రూజ్ కంపెనీ యాప్‌లో షోలకి, స్పెక్ట్రమ్ లాంటి ఓడైతే ఐఫ్లైకి (గాలిలో తేలించే ఆట), నార్త్ స్టార్‌కి (ఓడ పైకి లేచే అద్దాల గది) స్లాట్లు తీసుకోండి. రెండు, మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే అభ్యాసం, పూర్తి చేయండి. వీడియో చూసి, మీ కార్డు మీద రాసున్న మస్టర్ స్టేషన్‌కి వెళ్ళి స్కాన్ చేయించుకోవాలి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్ళకి డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తర్వాతే ఇది ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే చేయాలని నిబంధన పెట్టారు. ప్రమాద హెచ్చరికగా ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే ఎటు వెళ్ళాలో పిల్లలకి కూడా చూపించండి.

ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మధ్యలో అది ఓడ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయితే మామూలు రోమింగ్ ప్యాక్ పనిచేయదు, బిల్లు చూసి గుండె ఆగుతుంది.

రేవుల్లో దిగేటప్పుడు, ఐటినరరీలో కౌలాలంపూర్ అని ఉన్నా ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. ఊళ్ళోకి వెళ్ళడానికే గంట, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. ఫుకెట్‌లో పెద్ద షిప్పులు పటాంగ్ బీచ్ దగ్గర లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి దింపుతాయి, ఆ క్యూకి టైమ్ వదులుకోండి. థాయ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. ఓడ సింగపూర్ టైమ్‌లోనే ఉంటే, మీ ఫోన్లో 4 అయినప్పుడు ఓడలో 5. చేతికి ఒక మామూలు వాచీ ఓడ టైమ్‌తో పెట్టుకోండి.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. పొద్దున్న వేసుకునే బట్టలూ చెప్పులూ కూడా అందులో సర్దేసి నైట్ డ్రెస్సులో మిగిలిపోయేవాళ్ళున్నారు, చూసుకోండి. మీ లగేజ్ మీరే మోసుకోగలిగితే సెల్ఫ్ డిసెంబార్కేషన్ తీసుకోండి, ముందు దిగుతారు. సిగరెట్లకి సింగపూర్‌లో డ్యూటీ-ఫ్రీ మినహాయింపు అసలు లేదు, ఒక్క ప్యాకెట్ ఉన్నా చెప్పి పన్ను కట్టాలి. హైదరాబాద్ ఫ్లైట్ మధ్యాహ్నం 1 తర్వాతది తీసుకోండి. రాత్రి ఫ్లైటే దొరికితే, చాంగీ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న జ్యువెల్ మాల్‌లో బ్యాగులు దాచే కౌంటర్ ఉంది. పెట్టెలు అక్కడ పడేసి చేతులూపుకుంటూ తిరగొచ్చు.