చేప ఎండిన తెల్లారి

(హనుమకొండలో కాలేజీ పిల్లల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే. ఏడు చేపల కథ రానోళ్ళు ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు. మంచిది, నాకు సగం పని తప్పింది.

ఆ కథనే నేను వందల ఏండ్ల తర్వాతి వరంగల్‌కు తీసుకుపోయి రాసిన. ఏడుగురు అన్నదమ్ములు కాకతీయుల నాటి పాకాల చెరువులోకి ఏడు యంత్రపు చేపలను వదులుతరు. అవి నీళ్ళ లెక్క తెచ్చినంక కట్ట మీద ఎండాలె. వాటికి ఎండడమంటే ఛార్జ్ కావడం. ఏడోది కాలే, గడ్డిమోపు నీడ పడ్డది. అక్కడి నుంచి ఆవు, గొల్లాయన, అవ్వ, ఏడ్చే పిల్లగాడు, చివరికి చీమ. నా చీమలు కట్టను కాపలా కాసే గోరంత యంత్రాలు. ‘నా బంగారు పుట్టల వేలు పెడితే కుట్టనా?’ అన్న మాట మాత్రం మార్చలే. మారిస్తే మా అవ్వ ఊకోదు.

రెండో భాగం రాయమంటే నేను చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గే. చేపలను పద్నాలుగు చేసి చంద్రుడి మీదికి పంపిన. ఇంటర్ చదివే నా మేనకోడలు నలభై పేజీలు చదివి పక్కకు పెట్టింది. “మామా, చేపలు పెరిగినయ్ గానీ కథ పెరగలే. అసలు ఆ పోరడు పుట్టల వేలెందుకు పెట్టిండు?”

నిజమే కదా. చేపను అడిగినం, ఆవును అడిగినం, చీమనూ అడిగినం. పిల్లగాణ్ణి అడిగితే కూడా ‘ఎందుకేడ్చినవ్’ అనే అడిగినం.

రెండో భాగాలు ఈ కాలపు పోకడ అనుకునేరు. ఎర్ర టోపీ పిల్ల కథను 1697లో ఫ్రెంచిలో పెరో అనే రచయిత అచ్చువేసినప్పుడు తోడేలు పిల్లను మింగుడుతోనే కథ ఖతం. 1812లో జర్మనీల జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు వేటగాణ్ణి తెచ్చి పిల్లను బతికించిన్రు. ఆ కిందనే ఇంకో చిన్న కథ తగిలించిన్రు. ఇంకో తోడేలు వస్తది. ఈసారి పిల్ల పక్కదారి పట్టదు, నేరుగా అవ్వ దగ్గరికి పోయి చెప్తది, ఇద్దరూ తలుపు బిగించుకుంటరు. తోడేలు ఇంటి కప్పెక్కి, కింద రాతి తొట్లో మాంసం ఉడికిన నీళ్ళ వాసనకు మెడ సాపి, జారి అందులోనే పడి చస్తది. తోడేళ్ళు తోడేళ్ళే, పిల్లకు మాత్రం మొన్నటి సంగతి యాదికుంది.

మన గొలుసుకట్టు చెరువులు కూడా అంతే. మీది చెరువు మత్తడి పడితేనే కింది చెరువుకు నీళ్ళు. నా మొదటి భాగంల పొర్లింది ఆ పిల్లగాని వేలు.

అందుకే రెండో భాగం వానితోనే మళ్ళ మొదలుపెట్టిన. అప్పుడు వానికి మూడేండ్లు, ఇప్పుడు పదహారు. చీమ కుట్టిన నొప్పి మరిచిపోయిండు. వేలు బయటికి తీస్తే తడిగా ఉన్నది మాత్రం యాదికుంది. మట్టికట్టల నీళ్ళు దారి చేసుకోవడానికి ఒక పుట్టనో, ఎండ్రికాయ బొక్కనో చాలు. తేటగా ఊరితే కొంత నయం. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకపోతున్నట్టే. కట్ట లోపల గుల్లైతది, పైన గడ్డి పచ్చగనే ఉంటది. మరి కాపలా చీమలు ఎవరికీ ఎందుకు చెప్పలే? పైగా బంగారు పుట్ట అని బెదిరించుడెందుకు?

ఆ కొత్త రెండో భాగం మొదటి పేజీల నాలుగు ముక్కలు చదువుత. వెనక బల్లలోళ్ళకు వినబడుతుందా?

“పొద్దుగూకినంక పోరడు కట్ట మీదికొచ్చిండు. పుట్ట అక్కడే ఉంది. ఈసారి వేలు పెట్టలే. వంగి, చెవి పెట్టిండు.”