మెరీనాలో పొద్దు ఎటు కుంకుతుంది?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, తెలుగు శాఖ మేడమ్ గారికి, నన్ను పిలిచిన తెలుగు విద్యార్థుల సంఘానికి నమస్కారాలు. ఇందాక పరిచయం చేసిన అమ్మాయి నన్ను దర్శకుడు అంది. కాదమ్మా. మద్రాసు సినిమా పేట కోడంబాకంలో అసిస్టెంట్ డైరెక్టరుగా చేరాను, అసోసియేటుగా దిగిపోయాను. పరిశ్రమ హైదరాబాదు వెళ్లిపోతే నేను సాలిగ్రామంలోనే ఉండిపోయాను. అద్దె తక్కువ, ఫిల్టర్ కాఫీ బాగుంటుంది.

మీరు మ్యూజిక్ వీడియో తీస్తున్నారని, ప్లానింగ్ గురించి పదిహేను నిమిషాలు చెప్పమని అడిగారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ నిన్న రాత్రి మీ స్టోరీబోర్డు, అంటే షాటుకొక బొమ్మ వేసిన కాగితాలు, వాట్సాప్‌లో పంపారు చూడండి, దాంట్లో పద్దెనిమిదో బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఈ నాలుగు పేజీలూ ఇక పక్కన పెడుతున్నాను.

పద్దెనిమిదో బొమ్మ: మెరీనా బీచ్. అమ్మాయి, అబ్బాయి చేతులు పట్టుకుని నీళ్లవైపు నడుస్తున్నారు. ఎదురుగా సముద్రంలోకి ఎర్రటి సూర్యుడు దిగుతున్నాడు. కింద 'సాయంత్రం 6' అని రాశారు.

బాబూ, మనది తూర్పు తీరం. సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది. కుంకేది ట్రిప్లికేన్ ఇళ్ల వెనక.

నవ్వకండి. ఇదే బొమ్మ నేనూ వేశాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. సినిమా పేరు చెప్పను, వారం ఆడింది. సాయంకాలం పాట, షాట్ డివిజన్ నన్ను రాయమన్నారు. నేను ఉత్సాహం కొద్దీ బొమ్మలే వేసేశాను. రెండు వందల పేజీల నోట్‌బుక్‌లో పేజీకి ఒక షాటు. సూర్యుడికి ఎర్ర సిరా. నిర్మాత చూసి భుజం తట్టాడు. దర్శకుడు చూశాడు, డాన్స్ మాస్టరు చూశాడు. అందరూ బొమ్మ బాగుందన్నారే గానీ దిక్కు ఏదిరా అని ఒక్కడూ అడగలేదు. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, పొద్దు ఏటి అవతల కుంకడం చూస్తూ పెరిగాను. నీళ్లంటే పొద్దు కుంకే చోటు అని నా బుర్రలో పడిపోయింది.

నాలుగింటికల్లా యూనిట్ దిగింది. ఇరవై మంది డాన్సర్లు, జనరేటర్, పాట వేసే నాగ్రా టేపు రికార్డరు. కెమెరామన్ నా నోట్‌బుక్ పట్టుకుని సముద్రం వైపు చూశాడు, వెనక్కి తిరిగి లైట్‌హౌస్ వైపు చూశాడు. "ఎవరయ్యా ఈ బొమ్మ వేసింది?" అన్నాడు. సుండల్, అదే ఉడికించిన శనగల గుగ్గిళ్లు, అమ్మే కుర్రాడు పక్కనే ఉన్నాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. వాడికి విషయం అర్థమై పడీ పడీ నవ్వాడు. మొత్తం యూనిట్‌లో దిక్కులు తెలిసింది వాడికొక్కడికే.

ఆ సాయంత్రం పూర్తిగా పోయిందని కాదు. కెమెరామన్ మంచివాడు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, ఎండ డాన్సర్ల ముఖాల మీద పడేలా తిప్పి, వెనక నీలం సముద్రం వచ్చేలా చరణం తీశాడు. మరి సూర్యుడు? సూర్యోదయం తీసి సాయంత్రమని నమ్మిద్దాం అన్నారు. మర్నాడు నాలుగింటికి అందరినీ లేపాం. హీరో రానన్నాడు. డూప్‌ని పెట్టి, వీపులు మాత్రమే తీశాం. ఎడిటింగ్‌లో చూస్తే సూర్యుడు పైకి పోతున్నాడు! రీలు తిప్పి వేద్దామన్నాడు ఒక మేధావి. వేస్తే సూర్యుడు బుద్ధిగా కిందికి దిగాడు గానీ అలలు ఒడ్డు నుంచి సముద్రంలోకి పాకడం మొదలెట్టాయి. చివరికి రెండు సెకన్లు వాడుకున్నాం. రెండంటే రెండు. దానికి ఒక కాల్షీటు, అంటే ఒక పూట షూటింగ్!

సరే, ఎక్కడున్నాం... ప్లానింగ్.

బాపు గారు షూటింగ్‌కి ముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారని మీ మేడమ్ చెప్పే ఉంటారు. నిజమే. కానీ ఆ మాట చెప్పి చెప్పి మన గీతలకు సిగ్గు తెప్పించేశారు. మీరు పుల్లల మనుషుల్ని గీయండి, పర్వాలేదు. 16 సెంటీమీటర్ల పొడవు, 9 ఎత్తు డబ్బా గీసి, దాంట్లో మనిషి ఎంత కనబడతాడో, ఎటు చూస్తున్నాడో, కెమెరా ఎటు కదులుతుందో బాణం వేస్తే చాలు. ఫోన్ నిలువుగా పెట్టి తీసేదైతే డబ్బా కూడా నిలువుగా గీయాలి. మీ బొమ్మల్లో ఏడు అడ్డం, మిగతావి నిలువు. రెండూ ఒకే వీడియోలో ఎలా పెడతారమ్మా?

ఇంకోటి. మీ పాట టెంపో 96, అంటే నిమిషానికి 96 బీట్లు అని కీబోర్డు అబ్బాయి చెప్పాడు. అంటే నాలుగు బీట్లకు రెండున్నర సెకన్లు. పాట 220 సెకన్లు, మీ బొమ్మలు 31. భాగిస్తే షాటుకి ఏడు సెకన్ల పైనే. అంత హుషారైన పల్లవిలో ఏడు సెకన్లు ఒకే షాటు నిలబడాలంటే ఆ ముఖంలో ఏదో ఉండాలి. అందుకని ప్రతి బొమ్మ కిందా పాటలో ఏ మాట నుంచి ఏ మాట దాకా అన్నది రాయండి. ఎన్ని బొమ్మలు తక్కువపడ్డాయో మీకే తెలుస్తుంది.

స్లో మోషన్‌లో పెదాలు కదలాలని పన్నెండో బొమ్మ మీద రాశారు. వీడియో సెకనుకి 25 ఫ్రేములదైతే 50లో తీయాలి, తీసేటప్పుడు పాటని రెట్టింపు వేగంతో వేయాలి, ఆ అమ్మాయి అంతే వేగంగా పాడాలి. ఆ ప్రాక్టీసు ఇంట్లోనే చేయించండి. బీచ్‌లో గాలికి, అలల హోరుకి ఫోన్‌లో వేసిన పాట పది అడుగుల అవతల వినబడదు. స్పీకర్ తీసుకెళ్లండి. ముందు పోలీసుల్ని అడగండి, మెట్రో స్టేషన్లో తీసే బొమ్మలకి మెట్రో వాళ్లని అడగండి.

మా రోజుల్లో నాలుగు వందల అడుగుల ఫిలిం రోలు నాలుగున్నర నిమిషాల్లో అయిపోయేది. ఫిలిం ధర తలుచుకుని లెక్క వేసుకునేవాళ్లం. మీకు ఫోన్‌లో ఆ భయం లేదు, సంతోషం. కానీ సాయంత్రం వెలుతురు మాత్రం మీకూ మాకూ ఒకే కొలత. దానికి మెమరీ కార్డు లేదు.

వెనక కూర్చున్న అబ్బాయి "సార్, పద్దెనిమిదో బొమ్మ తీసేయమంటారా?" అని సైగ చేస్తున్నాడు. వద్దు నాయనా. బొమ్మ బాగుంది. 'సాయంత్రం 6' కొట్టేసి 'పొద్దున' అని రాయి. అప్పుడు పాటలో వాళ్లిద్దరూ రాత్రంతా ఎక్కడున్నారో, ఎందుకు మేలుకున్నారో చెప్పాల్సి వస్తుంది. పదిహేడో బొమ్మ మారుతుంది. నాకైతే ఆ కథే నచ్చుతోంది.

మేడమ్ గారు గడియారం చూస్తున్నారు. ఇదిగో, ఆ పాత నోట్‌బుక్ తెచ్చాను. ఎర్ర సిరా సూర్యుడు ఇంకా అలాగే ఉన్నాడు. చూసి తిరిగి ఇచ్చేయండి, ఒకటే కాపీ. ఆదివారం పొద్దున ఐదుంబావుకి బెసెంట్ నగర్ బీచ్‌లో ష్మిట్ మెమోరియల్ దగ్గర ఉంటాను. బొమ్మల కాగితాలు, ఛార్జింగ్ ఉన్న ఫోన్లు పట్టుకుని రండి. టిఫిన్ నాది. రానివాళ్లకి లేదు.

ఉంటాను.